గంధం పూసిన రైఫిల్

తుపాకులు బాగుచేసే ఉద్యోగం చేశానంటే ఈ కాలం పిల్లలు నన్ను ఎగాదిగా చూస్తారు. మా వీధిలో ఒక గడుగ్గాయి "ఎంతమందిని కాల్చినావు తాతా?" అని అడిగేశాడు కూడా. నాయనలారా, నేను కాల్చింది అట్టముక్కల్ని. అదైనా, బాగుచేసిన తుపాకి సరిగ్గా కొడుతోందో లేదో చూసుకోవడానికి. ఉద్యోగమంతా నా చేతులకు అంటింది నూనే, చెక్కపొట్టూ.

ఆ ఉద్యోగంలో ఒక్క రైఫిల్ సంగతి మాత్రం తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. రాస్తానంటే మా ఆవిడ "ముందు బీపీ మాత్ర వేసుకుని కూర్చోండి" అంది. వేసుకున్నాను. అది దాని పని చేస్తున్నట్టు లేదు.

మాది తిరువొత్తియూరు. తాతల నాటి నుంచి అక్కడే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తొంభైలలో, మద్రాసు అన్న బోర్డులు చెరిపి చెన్నై అని రాసుకుంటున్న రోజుల్లో, నేను మౌంట్ రోడ్డు వెనక సందులో లైసెన్సున్న ఒక ఆయుధాల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ముందు గదిలో అమ్మకం. వెనక గది నాది. ఒక బల్ల, పనిముక్కను బిగించి పట్టే ఒక వైసు, గోడకు ఉలులు, ఆకురాళ్ళు. యజమానిని మేమంతా మొదలాళి అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయుధాల వ్యాపారం చేసేవాడికి ఎప్పుడూ ఒక భయం ఉంటుంది. ఏటా లైసెన్సు తిరగరాయించుకోవాలి. ఆ కాగితాలు ఏ పెద్దాయన బల్ల మీదుగా వెళ్తాయో ఆయన తుమ్మితే మా మొదలాళికి జలుబు చేసేది.

వారంలో రెండు రోజులు ఒక రైఫిల్ క్లబ్బుకు వెళ్ళి అక్కడి తుపాకులు చూసి రావడం కూడా నా పనే. అక్కడివన్నీ పాయింట్ టూ టూ రైఫిళ్ళు. చిటికెన వేలి గోరంత తూటా, చిన్న చప్పుడు, ఎదురుగా నల్లచుక్క ఉన్న అట్ట. ఆటకు మాత్రమే పనికొచ్చే తుపాకులు. క్లబ్బు కార్యదర్శి మన తెలుగాయనే. పెద్ద వ్యాపారస్థుడు. ఇంట్లో తెలుగు, క్లబ్బులో ఇంగ్లీషు, నాలాంటివాడి దగ్గర రెండూ కలిపి. ఆయనకు రైఫిల్ పట్టుకోవడం కన్నా రైఫిల్ పట్టుకుని ఫోటో దిగడం ఇష్టం. ఆఫీసు గది నాలుగు గోడలకూ ఆయనే ఉండేవాడు.

ఆ క్లబ్బుకు ఒక అమ్మాయి వచ్చేది. పాత మద్రాసులో పసుపు, ధనియాలు టోకున అమ్మే ఒక శెట్టిగారి కూతురు. కాలేజీ ఎన్‌సీసీలో మొదటిసారి రైఫిల్ పట్టుకుందట. పట్టుకున్నది మళ్ళీ వదల్లేదు. పొట్టి పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. పశువుల డాక్టరు కావాలని దాని కోరిక. వాళ్ళ గోడౌనుకు సరుకు లాక్కొచ్చే ఎద్దుల కాళ్ళకు చిన్నప్పటి నుంచి అదే పసుపు పూసి కట్టు కట్టేదట. మార్కులు కొంచెం తక్కువ. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ కోటాలో సీటుకు దారి ఉంటుంది. ఆడపిల్లల జట్టులో చోట్లు మూడే. ఇంట్లో పెద్దవాళ్ళు "ఈ ఒక్క సంవత్సరమే" అని గీత గీసేశారు.

పిల్లకు చెయ్యి ఉంది, కన్ను ఉంది, ఓపిక ఉంది. లేనిది ఒంటికి సరిపడే రైఫిల్. క్లబ్బు రైఫిళ్ళ స్టాకులు, అంటే భుజానికి ఆనించుకునే ఆ చెక్క ఒళ్ళంతా, ఆరడుగుల మగవాళ్ళ కొలతకు చేసినవి. ఈ పిల్ల పడుకుని గురి చూస్తుంటే కొంగ మెడ చాచినట్టు చాచాల్సి వచ్చేది. అలా ఎంతసేపు? పావుగంట దాటేసరికి మెడ వణికేది, దానితో గురీ వణికేది. "అలవాటు చేసుకోవాలి" అనేవాడు కార్యదర్శి. ఆయనకు మాత్రం కుర్చీ మీద మెత్త లేకపోతే అలవాటు కాదు.

క్లబ్బు బీరువా మీద ఒక పెట్టె ఉండేది. సభ్యుడైన ఒక డాక్టరుగారు విదేశాల నుంచి తెచ్చుకున్న స్టాకు, గురి చూసే సైట్ల జత. విడిగా కొనుక్కుని పాత రైఫిల్‌కు మార్చి బిగించుకునేవి. చెంప ఆనే చోటు పైకీ కిందికీ జరుగుతుంది, మడమ దగ్గర, అంటే భుజానికి ఆనే చివర, పొడుగు తగ్గించవచ్చు. ఆయనకు నడుము నొప్పి వచ్చి ఆట మానేసి దాన్ని క్లబ్బుకు ఇచ్చేశారు. "ఈ రకం రైఫిళ్ళన్నిటికీ సరిపోతుంది" అని పెట్టె మీద రాసి ఉంది. పెట్టెల మీది రాతలు నిజమైతే నాలాంటివాళ్ళు ఎప్పుడో పస్తులుండేవాళ్ళు. పెట్టి చూస్తే రైఫిల్ గొట్టం సగం కూడా అందులో కూర్చోలేదు.

నేనే కార్యదర్శిని అడిగాను, ఈ పిల్ల కోసం బిగిస్తానని. "చెయ్యి, చెయ్యి. కొత్తది ఒకటి ఉంటే క్లబ్బుకు కళ" అన్నాడు. పిల్ల పేరు ఎత్తలేదు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

పని ఎలా జరిగిందో అంతా చెప్పి మీ ప్రాణం తియ్యను. ఒక్కటి మాత్రం తెలియాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. రైఫిల్‌లో తూటా పెట్టే వెనక భాగం చెక్కలో గట్టిగా కూర్చోవాలి. ముందుకు సాగే గొట్టం మాత్రం చెక్కకు ఎక్కడా తగలకూడదు. రెండింటి మధ్య ఒక పోస్టుకార్డు సాఫీగా జారిపోయేంత సందు ఉండాలి. కాలుస్తున్న కొద్దీ గొట్టం వేడెక్కి కాస్త కదులుతుంది. ఏదైనా అడ్డం తగిలితే ఆ అడ్డం గొట్టాన్ని పక్కకు నెడుతుంది. అది నెట్టిన వైపుకే తూటా పోతుంది. అంతే శాస్త్రం.

అందుకని గొట్టం అడుగున మా ఆవిడ కాటుక పూసి, చెక్కలో పెట్టి, తీసి, మచ్చ పడిన చోట ఉలితో గీరి, మళ్ళీ పూసి, మళ్ళీ పెట్టి, అలా రోజుల తరబడి చేశాను. "నా కాటుక తుపాకికి పెడితే నాకేం పెడతారు?" అని ఇంట్లో పోరు. సైట్లు కూడా బిగించాను. వెనక సైటు అంటే సన్నని చిల్లున్న ఒక బిళ్ళ. పక్క మరలు తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటూ వెంట్రుక వాసి జరుగుతుంది. పిల్లను పిలిచి పడుకోబెట్టి చెంప దగ్గర, భుజం దగ్గర కొలత సరిచేశాను. మొదటి రోజు దానిమీద చెంప ఆనించి, కాల్చకుండా, చాలాసేపు అట్లాగే పడుకుంది.

"ఏందమ్మా, నిద్రపోతివా?" అన్నాను.

"లేదు మామా. మెడ నొప్పి లేదు. ఉండాదేమో అని చూస్తా ఉండాను" అంది.

ఆ తర్వాత నెలంతా ఆ పిల్ల కాల్చింది చూస్తే నాకు ఇంటికెళ్ళే రైలు గుర్తొచ్చేది కాదు. నల్లచుక్క మధ్యలో తూటాలన్నీ ఒకే చిల్లు చేసేవి. బుధవారం సాయంత్రం ఆఖరిసారి గురి సరిచూసుకుంది. ఆదివారం ఆ క్లబ్బులోనే రాష్ట్ర జట్టు ఎంపిక. "ఇంక దీన్ని ముట్టొద్దు, మరలు కదిలించొద్దు" అని మార్కరుకు చెప్పి బీరువాలో పెట్టించాను. మార్కరు అంటే క్లబ్బులో తుపాకులు అందించి, అట్టలు మార్చే పనివాడు. ఎన్నూరు నుంచి వచ్చేవాడు, మన భాషే. ఆ బీరువా తాళం మాత్రం కార్యదర్శి దగ్గర.

గురువారం ఆయుధ పూజ.

నేను నాస్తికుణ్ణి కాను. నా వైసుకు ఏటా నా చేత్తో గంధం, కుంకుమ పెట్టేవాణ్ణి. ఉలులన్నీ కడిగి పీట మీద పరిచి, బొరుగులు, బెల్లం, శనగలు నైవేద్యం పెట్టి, మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా వాటిని ముట్టేవాణ్ణి కాదు. కానీ మా పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పూజ పనిముట్లకు. గురి సరిచూసి పెట్టిన తుపాకిని పీట ఎక్కించం. తప్పదనుకుంటే మడమ మీద, అదీ చివర, వేలికొనతో ఒక్క బొట్టు. గొట్టం వైపుకు గంధం గిన్నె కూడా పోనివ్వం. మా మేస్త్రీ ఇలాగే నేర్పాడు. ఆయనకు ఆయన మేస్త్రీ నేర్పాడు. దేవుడికి కోపం వచ్చిన దాఖలా లేదు.

ఆ రోజు నేను మా దుకాణం పూజలో ఉన్నాను. క్లబ్బులో షామియానా వేశారట. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? మా లైసెన్సు కాగితాలు ఎవరి బల్ల మీదుగా వెళ్తాయో ఆ పెద్దాయనే. పూజ పీట మీద పాత గీతలు పడ్డ రైఫిళ్ళు పెడితే ఫోటోలో బాగుండదని కార్యదర్శి బీరువా తెరిచి మా కొత్త స్టాకు రైఫిల్ తీసి మధ్యలో పెట్టించాడు. తర్వాత మార్కరు నాకు చెప్పాడు, చెప్తూ చెవులు పట్టుకున్నాడు:

"నేను చెప్తిని సార్ దగ్గర, ఇది ముట్టొద్దన్నాడు మేస్త్రీ అని. 'దేవుడి కన్నా పెద్దోడా మేస్త్రీ?' అనేసినారు. ఆ పెద్దాయన మూడు వేళ్ళతో గొట్టం పొడుగునా గంధం గీసినారన్నా, పట్టెనామాలు పెట్టినట్టు. ఫోటోలో పళ్ళేదని మళ్ళీ పూసినారు. వెనక సైటు చిల్లు చూసి 'ఇది కన్ను మాదిరి ఉండాదే' అని సరిగ్గా దాని మీద కుంకుమ బొట్టు. ఆ పైన పన్నీరు. బుడ్డికి బుడ్డి కుమ్మరించినారు. నేనేం చేసేది చెప్పు?"

పన్నీటితో గంధం కరిగి గొట్టానికీ చెక్కకూ మధ్య సందులోకి దిగింది. విజయదశమి దాకా ముట్టకూడదు కదా, ఎండి రాయైంది. శుక్రవారం దాకా పీట మీదే. శనివారం షామియానా విప్పుతున్నారని రేంజి, అంటే తుపాకులు కాల్చే చోటు, మూత. ఆ రోజు సాధనకు వచ్చిన పిల్లను గేటు దగ్గరి నుంచే పంపించేశారు. మార్కరు పాపం భయపడి పైపైన తడిగుడ్డతో తుడిచి, నూనె రాసి బీరువాలో పెట్టాడు. పైకి తళతళ.

ఈ సంగతులేవీ నాకు తెలియవు. ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి పిల్ల చేతికి రైఫిల్ ఇచ్చేశారు. నాలాంటివాళ్ళు తాడు కట్టిన గీతకు ఇవతలే నిలబడాలి. పిల్ల జేబురుమాలు కొసతో వెనక సైటు చిల్లు తుడుస్తోంది. ఎర్రగా ఏదో కనిపించింది. సరేలే, పూజ బొట్టు అనుకున్నాను.

మొదట్లో తూటాలు బాగానే పడ్డాయి. దూరదర్శినిలో చూసి నేను మనసులో మీసం మెలేశాను. కాల్చిన కొద్దీ ఒకటి కుడికి జరిగింది. ఇంకొకటి ఇంకాస్త. పిల్ల మర తిప్పింది. తిప్పినప్పుడు క్లిక్కుమనాల్సిన చప్పుడు ఇవతలికి వినిపించదనుకోండి, దాని భుజం చూస్తే తెలిసింది, మర బిగుసుకుపోయిందని. రెండు వేళ్ళతో బలంగా తిప్పింది. ఒక్కసారిగా జారి ఎంతో తిరిగిపోయింది. తూటా ఎడమకు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ కుడికి. ఆ పిల్ల చెయ్యెత్తింది.

గీత దగ్గర అధికారిగా ఉన్నది కార్యదర్శి స్నేహితుడు. వంగి రైఫిల్‌ను పైకీ కిందికీ చూశాడు. "బాగానే ఉందే. టైం పోతోంది, కాల్చుకో" అన్నాడు. నాకు ఆగలేదు.

"సార్, గొట్టానికి ఏదో తగులుతా ఉంది! ఒక్క నిమిషం ఇవ్వండి, చూస్తాను!" అని అరిచాను.

"ఎవరయ్యా అది? ఇంకో మాట మాట్లాడితే బయట నుంచి కోచింగ్ ఇచ్చినట్టు రాసి ఆ అమ్మాయికే పాయింట్లు కోస్తాను!"

నా నోటికి వేయడానికి అంతకన్నా మంచి తాళం లేదు. మిగిలిన పోటీ అంతా నేను పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను. పిల్ల మరలు వదిలేసింది. తూటా ఎంత జరుగుతోందో అంత పక్కకు గురిపెట్టి, ఊహ మీద కాల్చుకుంటూ పోయింది. అట్లా కాల్చి కూడా నాలుగో స్థానంలో నిలిచిందంటే అది ఎటువంటి కన్నో మీరే చెప్పండి. కానీ చోట్లు మూడే.

పోటీ అయ్యాక రైఫిల్ తీసుకుని వరండాలో కింద కూర్చుని అడుగున ఉన్న మరలు విప్పి గొట్టాన్ని చెక్క నుంచి ఎత్తాను. ఎత్తుతుంటే కరకరమని చప్పుడైంది. కాటుక పెట్టి పెట్టి నేను గీరిన గాడిలో ఒక పక్క పొడుగునా పసుపుపచ్చటి పెచ్చు. పిల్ల గోటితో గీకి వాసన చూసింది.

"గంధం మామా" అంది. మార్కరు అప్పుడు చెప్పాడు పైన రాసిన సంగతంతా. పిల్ల ఏడవలేదు. ఆ గోటిని పావడకు తుడుచుకుంటూనే ఉంది, చాలాసేపు.

రైఫిల్‌ను అలాగే రెండు ముక్కలుగా పట్టుకెళ్ళి కార్యదర్శి బల్ల మీద పెట్టాను. పిల్లను పక్కన నిలబెట్టుకుని జరిగింది చెప్పాను. పనిముట్టు లోపం వల్ల ఆట చెడితే మళ్ళీ కాల్చుకునే అవకాశం ఇవ్వాలన్నది వాళ్ళు రాసుకున్న నియమమే. అదడిగాను.

ఆయన పెచ్చు వైపు చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"ఏం రాయమంటావయ్యా? ఆయుధ పూజ వల్ల ఆయుధం చెడిందని రాసేదా? పూజ చేసిందెవరో తెలుసా నీకు? ఆయన చేతి గంధాన్ని తప్పంటావా? మతిగానీ పోయిందా?"

"దేవుణ్ణి అనడం లేదు సార్. పూసినవాళ్ళని అంటున్నాను."

"గెట్ అవుట్" అన్నాడు. తెలుగులో అనుంటే ఇంకో మాట అనేవాణ్ణేమో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా పాపం మంత్రాలు చదువుకుని ఇంటికెళ్ళిపోయాడు. అడ్డం పడింది ఫోటోలో నిలబడ్డవాళ్ళు.

తర్వాతి వారం వాళ్ళ కమిటీ కూర్చుంది. వాళ్ళకూ ఇరుకే. పిల్ల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది, రైఫిల్ చెడిందని గీత దగ్గర అందరూ చూశారు. చెడలేదనలేరు. ఎందుకు చెడిందో చెప్పలేరు. పెద్దతలలన్నీ కలిసి ఒక దారి కనిపెట్టాయి. స్టాకు బిగించిన మేస్త్రీ, తన పని లోపం వల్లే గురి తప్పిందని సంతకం చేసి ఇస్తే, రైఫిల్‌ను వేరే దుకాణంలో బాగుచేయించి, పిల్లకు మళ్ళీ అవకాశం ఇస్తారట. ఇవ్వకపోతే ఫిర్యాదు కొట్టివేత.

ఈ కబురు మొదలాళి ద్వారా వచ్చింది. ఆయన నా కళ్ళలోకి చూడకుండా చెప్పాడు.

"రాసిచ్చేయప్పా. సుమ్మా, ఊరికే ఒక సంతకం, అంతే దా. ఆయన మన ఫైలు పక్కన పెట్టేస్తే ఈడ అందరికీ చేటు. ఒక సంతకానికి నీ చెయ్యి అరిగిపోతాదా?"

"అదే చెయ్యి కద మొదలాళీ ఆ స్టాకు బిగించింది! దాని మీద నేనే ఉమ్మేసేదా? వేరే పని చెప్పండి. ఊడవమంటే దుకాణం ఊడుస్తాను."

గట్టిగానే అరిచాను. ముందు గదిలో కొనడానికి వచ్చినవాళ్ళు తొంగిచూశారు. ఏం మనుషులండీ! తప్పు చేసినవాడు చేతులు కడుక్కుని కూర్చుంటాడు. తప్పు జరిగిందని చెప్పినవాడు తప్పు ఒప్పుకోవాలి. అదీ ఒక చిన్నపిల్ల చదువును ఎర వేసి.

మర్నాడు వానలో గొడుగు వేసుకుని శెట్టిగారు వచ్చారు, పిల్ల తండ్రి. చొక్కా నిండా పసుపు మరకలు. సరుకు దించుతున్నవాళ్ళను వదిలి అట్లాగే వచ్చినట్టున్నారు. వెనక గదిలో నా ముక్కాలిపీట మీద కూర్చున్నారు. సంతకం సంగతి అడుగుతారని నేను మాటలు కూడగట్టుకున్నాను. ఆయనకు ఆ సంగతే తెలియదు.

"అన్నా, ఒక్కటి అడిగి పోదామని వచ్చినా. మా పాపదా తప్పు?"

"కాదన్నా. అట్లా చెడిన రైఫిల్‌తో ఇంకెవురూ అంతమాత్రం కూడా కొట్టలేరు."

"అది చాలు. ఇంట్లో అది సరిగ్గా తినదు. 'నాకే చేత కాలేదేమో నాన్నా' అంటాది. ఆడోళ్ళు 'అయిపోయింది లే, చదువు కూడా ఇంక చాలు' అంటా ఉండారు. నువ్వు ఇట్లా చెప్పినావని చెప్తా. అది నీ మాట నమ్ముతాది."

ఇంకేమీ అడగలేదు. టీ తెప్పిస్తానంటే వద్దని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. బెదిరిస్తే నేను లొంగేవాణ్ణి కాను. బతిమాలినా లొంగేవాణ్ణి కానేమో. ఆయన రెండూ చేయలేదు.

ఆ సాయంత్రమే క్లబ్బుకు వెళ్ళి సంతకం పెట్టాను. ముందే ఇంగ్లీషులో టైపు కొట్టించి ఉంచారు. "నా అశ్రద్ధ వల్ల" అన్న ముక్క దగ్గర పెన్ను ఆగింది. "త్వరగా కానివ్వు, నాకు మైలాపూరులో కచేరీ ఉంది" అన్నాడు కార్యదర్శి. కచేరీకి ఆలస్యం కానివ్వలేదు.

రైఫిల్ వేరే దుకాణానికి వెళ్ళింది. అక్కడి మేస్త్రీ ఒకప్పుడు నా పక్క బల్ల మీద పని నేర్చుకున్నవాడే. వాడు నన్ను వెతుక్కుంటూ మా సందు చివర టీ కొట్టుకు వచ్చాడు.

"అన్నా, నేనేం చేసేది ఆడ? గాడి అద్దం మాదిరి ఉండాది. ఎండిన గంధం గీకినా, సైటు విప్పి కుంకుమ కడిగినా, మళ్ళా బిగించినా. అంతే దా. పోస్టుకార్డు పెడితే జారిపోయింది. నీ పనిలో తప్పేమీ లేదని పోయి చెప్పేదా?"

"నోరు మూసుకో. చెప్తే ఫిర్యాదు కొట్టేస్తారు, పిల్లకు అవకాశం పోతాది. అంతా నువ్వే చేసినావని చెప్పు."

వాడు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. మింగలేక, కక్కలేక ఉండడం అంటే ఏమిటో నాకు ఆ టీ కొట్టులో తెలిసింది. అబద్ధం వాళ్ళది. దానికి కాపలా నేను.

పిల్ల మళ్ళీ కాల్చింది. గాడి అదే, చెక్క అదే, మెడ నొప్పి లేదు. చివరి తూటా దాకా ఒకే చిల్లు. అప్పటిదాకా మూడో స్థానంలో ఉన్న అమ్మాయిని దాటేసింది. ఆ అమ్మాయి తన రైఫిల్ పెట్టె మీద తల పెట్టి ఏడ్చింది. దాని తప్పేముంది? జట్టులో చోటు వచ్చిందని ఇంట్లో మిఠాయి కూడా పంచుకుని ఉంటారు. ఆ కన్నీళ్ళు కూడా ఆ గంధం గిన్నె ఖాతాలోనే రాసుకోండి.

జట్టు పేర్లు ప్రకటించడానికి ఒక సభ పెట్టారు. ముఖ్య అతిథిగా మళ్ళీ ఆ పెద్దాయనే. కార్యదర్శి మైకు పట్టుకున్నాడు. మొదట స్టాకు బిగించిన వ్యక్తి నిర్లక్ష్యం వల్ల ఒక క్రీడాకారిణి భవిష్యత్తు దెబ్బతినబోయిందనీ, ఆ వ్యక్తి తప్పు ఒప్పుకున్నాడనీ, క్లబ్బు వెంటనే నిపుణుడి చేత సరిచేయించి ఆమెను కాపాడిందనీ చెప్పి, నా కాగితం మొత్తం చదివాడు. ఆ నిపుణుడు ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. లేవమంటే లేచాడు. చప్పట్లు కొట్టారు. సొమ్మొకడిది, సోకొకడిది. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని, అందరికన్నా గట్టిగా కొట్టాను.

పిల్ల వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉంది. నా సంతకం సంగతి దానికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మైకు వైపు ఒక అడుగు వేసింది. వెనక వరస నుంచి నేను వద్దని తల ఊపాను. ఆగింది. పేరు పిలిచినప్పుడు వెళ్ళి బొకే తీసుకుంది. ఫోటోగ్రాఫరు "నవ్వమ్మా, నవ్వు" అని రెండు మూడుసార్లు అడిగాడు. నవ్వలేదు.

ఆ తర్వాత నన్ను క్లబ్బుకు రావద్దన్నారు. దుకాణంలో మొదలాళి స్టాకులు బిగించే పని నా చేతికి మళ్ళీ ఇవ్వలేదు. తుడవడం, నూనె వేయడం, రిటైరయ్యేదాకా అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు "ఆ స్టాకు వంకరగా బిగించింది మీరేనా?" అని నా ముఖం మీదే అడిగేవాళ్ళు. అవునని అబద్ధం చెప్పేవాణ్ణి. పిల్లకు సీటు వచ్చింది, పశువుల డాక్టరు అయింది. ఇదంతా చదివి మీలో ఎవరైనా "అయితే మీరు చేసింది మంచిదే కదా తాతా" అనవచ్చు. అనొద్దు. రేపు మీ ఉద్యోగంలో మీ ముందు కూడా ఇలాంటి టైపు కొట్టిన కాగితం ఒకటి పెడతారు. సంతకం పెట్టండని చెప్పడానికి నాకు నోరు రాదు. పెట్టొద్దని చెప్పే అర్హత లేదు. ఒకరి పని చెడగొట్టి, ఆ చెడు వాడి చేతే ఒప్పించి, దాన్ని దయ అని మైకులో చెప్పుకునేవాళ్ళను మాత్రం మరిచిపోకండి.

ఆ రోజు సభ ఇంకా జరుగుతుండగానే పిల్ల బొకే పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. కోపంతో ముఖం కందిపోయి ఉంది.

"ఎందుకు మామా పెట్టినారు? నాతో ఒక మాట చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు గదా పాపా."

"ఒప్పుకోను. ఓడిపోయుంటా. ఓడిపోయుంటే వాళ్ళని కడుపునిండా తిట్టుకోని అన్నా ఉంటా. ఇప్పుడు మీ పేరు తొక్కి గెలిస్తిని. ఇంక ఎవుర్ని తిట్టేది, చెప్పండి?"

నేను వేదిక వైపు చూశాను. తిట్టించుకోవాల్సిన ఆ పెద్దాయన అక్కడ మెడ వంచి శాలువా కప్పించుకుంటున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. ఈసారి నేను కొట్టలేదు.